కొట్టుకుపోయింది ఎక్కడికి?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడు సభలో ఏ విషయం మాట్లాడాలని కార్యవర్గం కూర్చున్నప్పుడు ఇళ్ళ పట్టాలన్నారు, కుల ధ్రువీకరణ పత్రాలన్నారు, హాస్టల్ సీట్లన్నారు. అన్నీ అవసరమే, వాటి మీద మధ్యాహ్నం వేరేగా మాట్లాడేవాళ్ళున్నారు. మేము చెత్త గురించి మాట్లాడతామన్నాం. ఒకరిద్దరు నవ్వారు. "పండగ పూట ఆ మాటేంటండీ, అసలే మనల్ని ఆ పనితోనే ముడిపెడతారు" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాటలో బాధ ఉంది. ఆ బాధ ఉంది కాబట్టే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాం.

యానాదులం, ఎరుకలవాళ్ళం, సుగాలీలం. ఈ కృష్ణా డెల్టాలో మనలో చాలామందికి పొలం లేదు. దక్కిన జాగా ఏదంటే కాలవ కట్ట, డ్రెయిను గట్టు, ఊరి చివర పల్లం, లేదా డంపింగ్ యార్డు పక్కన ఖాళీ. ఊళ్ళో ఇళ్ళ నుంచి బయటికి పోయే చెత్త కూడా చివరికి చేరేది సరిగ్గా ఆ చోట్లకే. అంటే చెత్తకీ మనకీ అడ్రసు ఒకటే అయిపోయింది. దీని గురించి మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

మన వైపు ఒక మాట ఉంది, మీరందరూ వినే ఉంటారు. "కాలవలో వెయ్యి, కొట్టుకుపోద్దిలే." పూజ పూలు, పగిలిన దేవుడి పటం, పిల్లాడి డైపరు, నిన్నటి కూర, చచ్చిన కోడి, అన్నీ ఒక నల్ల కవరులో వేసి ముడేసి, బండి ఆపకుండానే వంతెన మీద నుంచి విసురుతారు. కార్పొరేషన్ వాళ్ళు వంతెనలకి ఎత్తుగా జాలీలు కట్టారు. విసిరే చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది, అంతే. కాలవలో పడగానే కవరు కనిపించదు. కనిపించనిది లేనట్టే అని మనిషి నమ్మకం.

ఒకసారి ఆ కవరు వెంట మనమూ పోదాం. ఎక్కడికి కొట్టుకుపోయిందో చూద్దాం.

బెజవాడ నగరం నడుమ నుంచి మూడు కాలవలు పోతాయి. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ. మూడింటికీ నీళ్ళు ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచే. ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది, అంతకు ముందు ఆనకట్ట 1850ల్లో కట్టింది. ఈ కట్టడం కిందే రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు పండుతున్నాయి. అందరికీ తెలిసిన సంగతే. అంతగా తలుచుకోని సంగతి ఇంకోటుంది. ఈ కాలవ పొలానికే కాదు, గొంతుకి కూడా. సముద్రం వైపు పోయేకొద్దీ డెల్టాలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని ఊరూరా మంచినీళ్ళ చెరువు ఉంటుంది. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు ఆ చెరువును కాలవ నీళ్ళతోనే నింపుకుంటారు. మళ్ళీ నీళ్ళు వదిలే వరకు ఆ ఊరు తాగేది అవే.

కృష్ణలంక దగ్గర బందరు కాలవలో పడ్డ కవరు యనమలకుదురు, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దారి పడుతుంది. బందరు దాకా ఒక్కపళంగా పోదు. లాకుల దగ్గర ఆగుతుంది, గుర్రపుడెక్కలో చిక్కుకుంటుంది, తూము నోట్లో ఇరుక్కుంటుంది. అక్కడ చిరిగి, లోపలున్నది నీళ్ళలో కలుస్తుంది. ప్లాస్టిక్కు మాత్రం చిన్న చిన్న ముక్కలవుతూ ఇంకా కిందికి పోతుంది. చెరువుకి నీళ్ళు పెట్టే మనిషి తూముకి అడ్డం పడ్డ కవర్లు చేత్తో లాగి గట్టు మీద పడేస్తాడు. ఫిల్టరు బెడ్డు బాగున్న ఊళ్ళో కొంత నయం. లేని ఊళ్ళో బిందె మీద గుడ్డ కట్టి వడపోసుకోవడమే. క్యాను నీళ్ళు కొనుక్కునే స్తోమత ఉన్న ఇల్లు కొనుక్కుంటుంది. మన యానాది గుడిసెలో ఆ బిందె నీళ్ళే.

తాగునీటి సంగతి అలా ఉంచి, ఊళ్ళో మురుగు పోయే దారి చూద్దాం. బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ పక్కన తిరిగి, కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన సరస్సు, ప్రపంచమంతా కాపాడుకోవాల్సిన చిత్తడి నేల అని దానర్థం. కాగితం మీద అంత గౌరవం. వాగు మోసుకొచ్చేది మాత్రం సింగ్‌నగర్, పాయకాపురం సైడు కాలవల్లో పడేసిన సరుకు. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఇటు దివిసీమ చివర మడ అడవుల్లో మనవాళ్ళు పీతలు పడతారు, రొయ్యలు ఏరతారు. మడ చెట్ల వేళ్ళు దువ్వెన పళ్ళలాగా పైకి లేచి ఉంటాయి కదా, అలలతో వచ్చిన కవర్లన్నీ వాటికే తగులుకుంటాయి. చిన్నప్పుడు ఊత వేస్తే చేప దొరికిన డ్రెయిన్లలో ఇప్పుడు ఊతలో చెయ్యి పెట్టాలంటే సీసా పెంకు ఉందేమోనని భయపడుతున్నారు. చేప కొనేవాళ్ళకి ఈ భయం తెలియదు.

2024 సెప్టెంబరు 1 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం మునిగాయి. అదే రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ వరద చెత్త వల్ల వచ్చిందని మేము చెప్పడం లేదు. అలా చెబితే అబద్ధం. పడ్డ వాన మామూలు వాన కాదు, గట్లు తెగాయి, వాగు దారిని ఏళ్ళ తరబడి ఆక్రమించి ఇరుకు చేశారు. వచ్చిన నీరు బయటికి పోవడానికి మాత్రం రోజులు పట్టింది. పూడిపోయిన సైడు కాలవలో కవర్లు, థర్మోకోలు, పరుపుల దూది ఉంటే నీరు ఎటు పోతుంది? నీరు తీశాక వీధుల్లో గుట్టలు పడ్డ పరుపులు, బియ్యం, బురద బట్టలు ఎత్తింది ఎవరో కూడా గుర్తుపెట్టుకోండి. వేరే జిల్లాల నుంచి కూడా పారిశుధ్య కార్మికులు వచ్చారు. ఆ బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, కాలికి చిన్న కోత ఉన్నా చాలు, లెప్టోస్పైరోసిస్ పట్టుకుంటుంది. జ్వరం, కళ్ళెర్రబడటం, పిక్కల నొప్పి, ముదిరితే కామెర్లు, కిడ్నీల మీద దెబ్బ. చేలల్లో ఎలుకలు పట్టే మన యానాది మామలకి ఈ జబ్బు ప్రమాదం వరద లేని రోజుల్లోనూ ఉంటుంది. వరి చేలో దిగొచ్చాక ఇలాంటి జ్వరమొస్తే టైఫాయిడు అనుకుని మందుల షాపులో మాత్రలు మింగొద్దు. ఎలుకలు పట్టే పని చేస్తామని డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడి దాచుకుంటే రోగం పేరు పట్టుకోవడానికే ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఆ పెద్దాయన అన్న మాట దగ్గరికి వద్దాం. మనల్ని ఆ పనితో ఎందుకు ముడిపెట్టారు?

మన తాతల కాలంలో ఊళ్ళో చెత్త అని వేరే వస్తువు దాదాపు లేదు. దబ్బ ఎరుకలవాళ్ళు వెదురు చీల్చి బుట్టలు, చాటలు, గంపలు అల్లేవాళ్ళు. బుట్ట పాతబడితే పొయ్యిలోకి పోయేది, బూడిద పెంట మీదికి పోయేది, పెంట చేలోకి పోయేది. ఉప్పు ఎరుకలవాళ్ళు, లంబాడీలు ఉప్పు మోసి అమ్మినప్పుడు దాన్ని పొట్లం కట్టడానికి ప్లాస్టిక్కు అక్కర్లేకపోయింది. ఊరి ఎంగిలి, కూరగాయ తొక్కలు, గంజి, చిట్టు ఎరుకల గూడెంలో పందులకి మేతయ్యేవి. చేలల్లో ధాన్యం తినే ఎలుకను యానాది పొగపెట్టి పట్టి, కలుగులో అది దాచుకున్న వడ్ల గింజల్ని కూడా తవ్వి తెచ్చుకునేవాడు. రైతు గింజ మిగిలేది, మనవాడికి కూడు దొరికేది. ఇవాళ పెద్ద పెద్ద సెమినార్లలో దీనికి ఏవేవో పేర్లు పెట్టి చెబుతున్నారు. మన ముసలవ్వకి పేరు తెలియదు, పని తెలుసు.

మరి అంత పని చేసినవాళ్ళకి దక్కిన పేరేమిటి? తెల్లవాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను సెటిల్‌మెంట్లలో పెట్టారు, మన పక్కనే బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. అటు కోస్తా పట్టణాలు పెరిగి పారిశుధ్యం పనికి మనుషులు కావాల్సి వచ్చినప్పుడు యానాదులను ఆ పనిలోకి దింపారు. ఆ పనిలో పెట్టినవాళ్ళే తర్వాత ఆ పని చేస్తున్నారని దూరం జరిగారు. ఇవాళ్టికీ మన జాతి పేరునే తిట్టుగా వాడేవాళ్ళున్నారు. స్నానం చెయ్యని పిల్లాణ్ణి ఏమని కసురుకుంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు, బళ్ళో మీరు విన్నదే. మురికి చేసేవాడు శుభ్రమైనవాడు అయ్యాడు, మురికి ఎత్తేవాడు మురికివాడు అయ్యాడు. ఇదెక్కడి లెక్కో మాకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు.

ఇవాళ బెజవాడలో తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి లేచి గోనెసంచి భుజానేసుకుని బయల్దేరే ఆడవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలోనూ ఉన్నారు. మునిసిపాలిటీ బండి రాకముందే చెత్త కుప్పలో నుంచి సీసాలు, అట్టలు, పాల కవర్లు, రేకు, రాగి తీగ ఏరాలి. బండి వచ్చిందా ఆ రోజు కూలి పోయినట్టే. ఏరింది ఇంటికి తెచ్చి రకాలుగా విడదీయాలి. నీళ్ళ సీసా ఒక రకం, షాంపూ డబ్బా ఒక రకం, మూతలు వేరే, పాల కవరు వేరే. పాత ఇనుము కొట్టువాడు రకానికొక ధర కడతాడు. తడిసిన అట్టకి ధర తగ్గిస్తాడు, కూర అంటిన కాగితం అసలు తీసుకోడు.

ఇక్కడే ఇంట్లో చేసే పనికీ బయట బతుకుకీ ఉన్న లంకె. ఒక ఇల్లాలు సాంబారు మిగిలింది, పేపరు, గాజు ముక్క, పిల్లాడి డైపరు అన్నీ ఒకే కవరులో వేసి ముడేసింది అనుకుందాం. ఆమెకి అర నిమిషం కలిసొచ్చింది. ఆ కవరు విప్పే మనిషికి పేపరు దండగయింది, గాజు గుచ్చుకుంది, సాంబారు పులిసి పురుగుపట్టిన వాసన చేతికి రోజంతా పోదు. సూది ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో షుగరు పేషెంటు వాడిన ఇన్సులిన్ సూది ఒట్టి కవరులో పారేయడం ఇప్పుడు మామూలైపోయింది. మూత బిగించిన సీసాలో వేసి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు. మనవాళ్ళకి గ్లౌజులు ఇవ్వరా అంటారు. ఇస్తే వేసుకుంటారు, కానీ వేళ్ళతో తడిమి రకం తేల్చే పని గ్లౌజుతో ఆగిపోతుంది. కూలి తగ్గుతుంది, విప్పేస్తారు. గ్లౌజు పంచి ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళకి ఈ ముక్క తెలియదు. ఇళ్ళ దగ్గరే చెత్త విడిపోతే ఈ బాధ సగానికి పైగా తగ్గుతుంది.

చట్టం చూస్తే బాగానే ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రతి ఇల్లూ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీసి ఇవ్వాల్సి ఉండేది. వాడిన ప్యాడ్లు, డైపర్లు చుట్టి ఇవ్వాలి. ఎక్కడపడితే అక్కడ తగలబెట్టకూడదు, కాలవల్లో వేయకూడదు. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న బెజవాడలోనే క్లాప్ కార్యక్రమం మొదలుపెట్టి ఇంటికి మూడు బుట్టలిచ్చారు. ఆకుపచ్చది తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకర చెత్తకి. చెత్త పన్ను అని వసూలు చేశారు, దాని మీద గొడవయింది, తర్వాత రద్దయింది. బుట్టలు మాత్రం చాలా ఇళ్ళలో ఉన్నాయి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఒకదాంట్లో పిల్లల బొమ్మలు. నవ్వుతున్నారు గానీ నిజమే కదా! అదే ఏడు స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 10 లక్షల జనాభా దాటిన నగరాల్లో విజయవాడ దేశంలో మూడో స్థానంలో నిలిచింది. ఆ ర్యాంకు మీద మాకు గౌరవమే. నాలుగింటికి లేచే చేతుల మీదుగా వచ్చిన ర్యాంకు అది. ఆ చేతులు సన్మాన సభలో కనబడలేదన్నదే మా మాట.

మన కాలనీల సంగతి కూడా మాట్లాడకుండా తప్పించుకుంటే ఈ ప్రసంగానికి విలువ ఉండదు. కట్ట మీది ఇళ్ళకి చెత్త బండి రాదు. రోడ్డు లేదంటారు, రికార్డులో ఇళ్ళు లేవంటారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, అడుగుతూనే ఉండాలి. బండి రాని చోట మాత్రం సాయంత్రం పూట ప్లాస్టిక్కు కుప్పేసి అగ్గిపుల్ల గీయడం అలవాటైంది. దోమలు పోతాయని కొందరు, చలికని కొందరు. పైపు ముక్కలు, వైర్ల తొడుగులు పీవీసీతో చేసినవి. అవి కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ఆ పొగ ముందు పట్టేది ఉయ్యాల్లో ఉన్న బిడ్డని. రాగి కోసం వైరు కాల్చే తమ్ముళ్ళకి ఇది మరీ చెబుతున్నాం. తొడుగును కత్తితో గీరి తీస్తే కాస్త ఆలస్యం, అంతే. గీరిన తీగ మసి పట్టకుండా ఎర్రగా ఉంటుంది, దానికి ధర కూడా మెరుగ్గా వస్తుంది.

రెండోది డెంగీ. ఆ దోమ మురుగు కాలవలో పుట్టదు. శుభ్రమైన వాన నీరు నిలిచిన చోట పుడుతుంది. పారేసిన టీ కప్పు, కొబ్బరి చిప్ప, టైరు, పగిలిన బకెట్టు చాలు. ఎండిన గుడ్డు కూడా నెలల తరబడి చావకుండా కాచుకుని ఉండి, నీళ్ళు తగలగానే పొదుగుతుంది. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు. అంటే వారానికి ఒక్కసారి ఇంటి చుట్టూ తిరిగి నీళ్ళు నిలిచిన ప్రతిదీ బోర్లిస్తే దాని లెక్క తప్పుతుంది. ఏరి తెచ్చిన సరుకును ఇంటి ముందు నిలవచేసేవాళ్ళు వానాకాలంలో పైన పరదా కప్పాలి, సీసాలకి మూతలుండాలి. ఆదివారం పొద్దున పదిమంది పిల్లలు గంట తిరిగితే ఒక కాలనీ అయిపోతుంది. మందు కొట్టేవాళ్ళు ఎప్పుడొస్తారా అని ఎదురుచూడక్కర్లేదు.

తడి చెత్త గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, మీ అమ్మమ్మకి తెలుసు. అడుగున చిల్లులున్న పాత కుండ, ఒక వరస ఎండాకు, ఒక వరస తొక్కలు, పైన గుప్పెడు మట్టి. నెలన్నర, రెండు నెలల్లో ఎరువు. వాసనొస్తే తడి ఎక్కువైందని, ఎండాకు ఇంకొంచెం వెయ్యండి. చికెన్ కొట్టు వ్యర్థాలు మాత్రం కుండలోనూ వద్దు, కాలవలోనూ వద్దు. వాటిని డ్రమ్ములకెత్తి కొల్లేటి వైపు క్యాట్‌ఫిష్ చెరువులకి తోలే దొంగ వ్యాపారం ఉందని మీకు తెలుసు. రాత్రిపూట ఆ వ్యాన్లు నడపడానికి మన కుర్రాళ్ళనే కూలికి పెట్టుకుంటున్నారు. పట్టుబడితే కేసు కుర్రాడి మీద, లాభం యజమానికి. ఎన్ని డబ్బులిచ్చినా ఆ పనికి పోవద్దు.

పెళ్ళిళ్ళు, సంబరాల మాట ఒకటుంది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగులు కూడా ఆ ఏడు చివరి నుంచి కుదరవు. అయినా మన గూడెం పెళ్ళిలో మర్నాడు పొద్దున చూస్తే ఏమున్నాయి? ఇవాళ భోజనాలకి మేము అడ్డాకు విస్తర్లు తెప్పించాం. మన్యంలో మన కొండ సోదరులు ఏరి, ఎండబెట్టి, కుట్టిన ఆకులు. ప్లాస్టిక్ ప్లేటు మీద పెట్టే డబ్బు ఎవరికి పోతుందో మనకి తెలియదు, విస్తరాకు మీద పెట్టేది ఎవరి ఇంటికి పోతుందో తెలుసు. తిన్నాక వాటిని వెనక గుంటలో వెయ్యండి, పక్కన నిలబడ్డ తమ్ముడు చూపిస్తాడు. నీళ్ళకి స్టీలు గ్లాసులు పెట్టాం. కడగడానికి మనిషి లేడు, ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి.

ఇక హక్కు సంగతి. ఇది చదువుకుంటున్న పిల్లలు ప్రత్యేకంగా వినాలి. అదే 2016 నిబంధనల్లో చెత్త ఏరుకునేవాళ్ళను స్థానిక సంస్థలు గుర్తించాలని, పనిలో కలుపుకోవాలని రాశారు. కేంద్రం పారిశుధ్య కార్మికుల కోసం పెట్టిన నమస్తే పథకంలోకి 2024 నుంచి చెత్త ఏరుకునేవాళ్ళను కూడా తీసుకున్నారు. పేరు నమోదైతే గుర్తింపు, ఆరోగ్య బీమా, రక్షణ సామగ్రి ఉన్నాయి. కానీ పేరు నమోదు కావాలంటే ఆధార్ కావాలి. కట్ట మీద పుట్టిన మనిషికి పుట్టిన తేదీ కాగితం లేదు, అడ్రసు లేదు, వేలిముద్ర పడదు. ఏళ్ళ తరబడి రేకులు, పెంకులు ఏరితే వేలి గీతలు ఎక్కడ మిగులుతాయి? ఇలాంటి ఒక అవ్వను వెంటబెట్టుకుని మేము ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. వేలిముద్ర రాదని మూడుసార్లు పంపేశారు. నాలుగోసారి కనుపాపతో తీయమని అడిగితే తీశారు. ఆ దారి ఉందని ముందే ఎవరూ చెప్పలేదు. మీలో ఇంటర్ చదివిన ప్రతివాళ్ళూ ఒక్క మనిషికి ఈ పని చేసిపెట్టగలరు.

బయట ఎలా సాధించారో కూడా చూడండి. పుణెలో చెత్త ఏరే ఆడవాళ్ళు 1993లో సంఘం కట్టారు. 2008లో వాళ్ళదే అయిన సహకార సంస్థ 'స్వచ్ఛ్'కి నగరపాలక సంస్థ ఇళ్ళ నుంచి చెత్త సేకరించే పని ఒప్పందం మీద అప్పగించింది. కుప్పలో చెయ్యి పెట్టే పని పోయి, గడప దగ్గర విడదీసిన చెత్త అందుకునే పని వచ్చింది. అక్కడ ఇంటి ఇల్లాలికి తన చెత్త తీసుకెళ్ళే మనిషి పేరు తెలుసు. పేరు తెలిసిన మనిషికి గాజు పెంకు విడిగా చుట్టి ఇస్తాం కదా. కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఇదే పని చేసేవాళ్ళు కోర్టుకెక్కి, తాము చేసేది నగరానికి సేవేనని, దానికి కూలి ఇవ్వాలని గెలుచుకున్నారు. వాళ్ళెవరూ మనకన్నా డబ్బున్నవాళ్ళు కాదు. ఒక సంఘం, ఒక రిజిస్టరు, విసుగు లేకుండా తిరిగే నలుగురు మనుషులు, వాళ్ళ దగ్గరున్నవి ఇవే.

మన దగ్గర సంఘం ఉంది. రిజిస్టరు ఇవాళ తెరుస్తున్నాం. కృష్ణలంక, సింగ్‌నగర్, రామవరప్పాడు వైపుల నుంచి వచ్చినవాళ్ళలో చెత్త ఏరే పనిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, ఆధార్ ఉందా లేదా, ఏ వీధులు తిరుగుతారు, ఇవి రాసుకుంటాం. డెల్టా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మీ మంచినీళ్ళ చెరువు తూము దగ్గర, మీ డ్రెయిను దగ్గర ఏం పేరుకుందో ఫోటో తీసి, తేదీ, ఊరి పేరు రాసి పంపండి. పంచాయతీలో చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు ఉంటే అది నడుస్తోందా, తాళం వేసుందా అదీ రాయండి. ఇవన్నీ కలిపి ఒక అర్జీ తయారు చేస్తాం. ఫోటో లేని అర్జీని ఎలా పక్కన పెడతారో మనకి అనుభవమే.

పేర్లు రాసే బల్ల గుమ్మం దగ్గర ఎడం పక్కన ఉంది. ఇద్దరు చెల్లెళ్ళు కూర్చుని ఉన్నారు, ఇద్దరూ డిగ్రీ చదువుతున్నారు, ఒకరి అమ్మ ఇవాళ కూడా పని ముగించుకునే సభకొచ్చింది. రాయడం రానివాళ్ళు మొహమాటపడొద్దు, వాళ్ళే అడిగి రాసుకుంటారు. పాత రేషన్ కార్డు కాగితమున్నా, పిల్లల బడి సర్టిఫికెట్టున్నా చూపించండి, ఏది ఎక్కడ పనికొస్తుందో చెబుతారు. భోజనాలు ఒంటి గంటకి. ముందు పేరు, తర్వాత విస్తరి.

జోహార్.